కుక్క వాటా రొట్టె

రాత్రి మిగిలిన గోధుమ రొట్టెల్ని అమ్మ పొద్దున్నే చేత్తో నలిపి, బెల్లం, నెయ్యి కలిపి ఉండలు కట్టింది. అయిదు నిమిషాల పని, లడ్డూల్లా ఉంటాయి. మధ్యాహ్నం గోల్‌మురి కార్ఖానాలో మా ఠేకేదారు, అదే కాంట్రాక్టరు, షెడ్డు దగ్గర డబ్బా తెరిచాను. సూపర్‌వైజరు తొంగి చూశాడు.

"క్యా హై రే?"

"రాత్రి రొట్టెలే సార్, అమ్మ చేసింది."

ఆ హిందీవాళ్ల ఇళ్లలో ఆఖరి రొట్టె కుక్కకి వేస్తారు. "అయితే కుక్క వాటా కొడుక్కి పెట్టిందన్నమాట మీ అమ్మ" అని హిందీలో నవ్వి, బూటుకాలితో డబ్బాని తన్నాడు. ఉండలన్నీ ఇనప రజనులో దొర్లిపోయాయి.

అదే డబ్బా తీసి వాడి మూతి మీద కొట్టాను. కింద పడ్డాక కూడా కొట్టాను. పెదవి చీలి చొక్కా అంతా రక్తం. ముగ్గురు పట్టుకుంటే గానీ ఆగలేదు. గేట్ పాస్ లాక్కుని బయటికి నెట్టేశారు. రేపట్నించి పని లేదు.

ఇంటికొచ్చి అమ్మకి ఉన్నదున్నట్టు చెప్పాను. తిట్టలేదు. వాచిన నా వేళ్లకి పసుపు రాస్తూ, "మరి ఒక్కుండైనా తిన్నావేట్రా?" అంది.

వాణ్ణి కొట్టినందుకు నాకేం బాధ లేదు. అమ్మకే ఇంకా జవాబు చెప్పలేదు. మీరైతే ఏటి చెప్తారు?