రెండో పరీక్ష కాగితం వచ్చేదాకా

నేను ఐదో తరగతితో బడి మానేశాను. ఉత్తరాలు తప్ప ఇంకేమీ రాసి ఎరగను. పైగా ఈ సంగతి మా ఇంట్లో కూడా ఎవరం పైకి అనుకోము. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఎనభయ్యో దశకం చివర్లో మా అత్తకి గుంటూరులో గర్భసంచి ఆపరేషన్ చేశారు. రక్తం కావాలంటే మా ఆయన ఇచ్చాడు. రెండు రోజులకి నర్సమ్మ మా ఇద్దర్నీ వరండాలోకి పిలిచింది.

"మీ రక్తం ఆవిడకి ఎక్కించలేదండి, వేరేది ఎక్కించాం. ఎయిడ్స్ పరీక్షలో అనుమానం వచ్చింది."

మా ఆయన గోడకి ఆనుకున్నాడు.

"పూర్తిగా వినండి. ఇది మొదటి పరీక్షే. చెడ్డ రక్తం ఒక్కటి కూడా జారిపోకూడదని ఏ కాస్త తేడా ఉన్నా పట్టేస్తుంది. ఒక్కోసారి ఏ జబ్బూ లేనివాళ్లని కూడా పట్టేస్తుంది. మళ్లీ రక్తం తీసి మద్రాసు పంపిస్తాం. అక్కడ వేరే రకం పరీక్ష చేస్తారు. అది వచ్చేదాకా ఉందనీ కాదు, లేదనీ కాదు. కలిసి తిన్నా, పిల్లల్ని ఎత్తుకున్నా అంటుకోదు."

మూడు వారాలు పడుతుందంది. మా ఆయన చెవికెక్కింది మాత్రం మొదటి మాటే. ఇంటికి రాగానే కంచం, గ్లాసు విడిగా పెట్టుకున్నాడు. మంచం వసారాలోకి లాక్కున్నాడు. రెండేళ్ల కూతురు కాళ్లకి చుట్టుకుంటే "అమ్మ దగ్గరకి పో తల్లీ" అని విడిపించుకునేవాడు. నేను పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చేదాన్ని.

మా అత్త ఆస్పత్రి నుంచి వచ్చింది. ఆమె మెల్లగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"ఏరా, కోసింది నా కడుపు. నువ్వేంది బాలింతలాగా మూల కూర్చున్నావు?"

ఆయన చెప్పాడు. ఆమె నావైపు తిరిగి, నర్సమ్మ ఏమందో అడిగింది. అంతా ఒప్పజెప్పాను.

మా అత్త ఇరవై ఏళ్లు కళ్లాల్లో మిరపకాయలు ఏరింది. రంగు పోయి తెల్లబడ్డ కాయని తాలు అంటారు.

"అదేగా మేం చేసేది! కాస్త మచ్చ కనపడితే చాలు, తాలులో పడేస్తాం. ఒక్కో కాయనీ చూస్తా కూర్చుంటే పని తెమలద్దా? తర్వాత చెయ్యి తిరిగినామె కూర్చుని ఆ తాలులోంచి మంచియ్యి మళ్లీ ఏరుద్ది. నిన్నింకా రెండోసారి చూడలేదు గదరా సన్నాసీ! నీ అంతట నువ్వే తాలులో దూకావా?"

"నిజంగానే ఉంటేనో అమ్మా?"

"ఉంటే నా కొడుక్కి ఉన్నట్టు. అప్పుడు మాత్రం నిన్ను వసారాలో పడుకోనిస్తానా? దా, పిల్లదాన్ని ఎత్తుకో."

ఎత్తుకున్నాడు. అది ఆయన మీసం పట్టి లాగింది.

మూడు వారాలన్న కాగితం నాలుగు వారాలు దాటాక వచ్చింది. నర్సమ్మ చూసి "జబ్బు లేదండి" అంది.

"సరిగ్గా చూడండమ్మా. ఆ పేరు నాదేనా?"

"మీదే."

"ఇంకోసారి..."

నాలుగోసారి అడిగేసరికి ఆమె నవ్వేసింది. "అనుమానం అన్న రోజు ఒక్క మాటకే నమ్మారు. లేదని రూఢిగా చెబుతుంటే నమ్మరేందండీ?"

ఇంటికొచ్చే బస్సు గుంటూరు పక్కన నల్లపాడు దాటింది. అప్పుడు ఆయన నెమ్మదిగా అడిగాడు.

"నువ్వు నమ్మావా, నాకుందని?"

"ఒక్క క్షణం కూడా నమ్మలేదు."

అబద్ధం. ఆ నాలుగు వారాలూ, ఒళ్లు కాలుతోందేమోనని పిల్ల నుదురు రోజూ తాకి చూసేదాన్ని.

"నీ మొహం చూస్తానే ఉన్నాలే" అని నవ్వి, నన్ను కిటికీ వైపు జరగమని, పక్కనే ఆనుకుని కూర్చున్నాడు.