పైకెక్కని ఈగలు

ముందే చెప్పేస్తాను, నా మాటల్లో సగం కోసి పారేసి మిగతాది చదువుకోండి.

మదనపల్లెలో పుంగనూరు బస్సు మూడు మెట్లు ఎక్కేసరికే నాకు హార్స్లీ కొండ ఎక్కినంత ఆయాసం. పక్క సీట్లో కుప్పం కాలేజీలో పాఠాలు చెప్పే ఒకామె, ఒళ్లో రెండు గాజు గొట్టాలు. వాటిలో నువ్వుగింజంత పండ్ల ఈగలు, లక్షకు తక్కువుండవు.

ఆమె ఒక గొట్టాన్ని సీటు కమ్మీకి టక్కున తట్టింది. అడుగున పడిన ఈగలన్నీ గాజు పట్టుకుని పైకి పరిగెత్తాయి. రెండోదాన్ని తట్టింది. వాటిలో ఒక్కటీ ఎక్కలేదు, అడుగునే వణుకుతూ పడున్నాయి.

“వీటికేమైందమ్మా?”

“మేతలో పొగాకులో ఉండే నికోటిన్ కలిపినామప్పా. ఒక నరకణం ఇంకో నరకణానికి కండక్టర్ మాదిరి విజిల్ ఊదుతాది. అది వినే చెవి రెండో కణం మీద ఉండాది. నికోటిన్ దొంగ విజిల్, ఆపకుండా ఊదుతాది. ముందు బండి ఎగిరెగిరి పడతాది. తర్వాత ఆ చెవికి అసలు విజిల్ కూడా వినపడదు.”

నా జేబులో ఉబ్బెత్తుగా ఉన్న సిగరెట్ పెట్టెను చూసి మెల్లగా అంది: “అట్లాంటి చెవులే మీకూ ఉండాయప్పా.”

నువ్వుగింజంత ఈగకూ తొంభై కిలోల నాకూ ఒకే రకం చెవి! పెట్టెను కిటికీలోంచి విసిరేశాను.

లక్ష ఈగల్ని ముప్పై అనుకోండి. ఆమె నిజం, ఆయాసం నిజం. విసిరేశాననడమే నా కల్పన. కాకపోతే, అంటించే ముందు సిగరెట్‌ను పెట్టె మీద తట్టినప్పుడల్లా, ఆ ఈగల్లాగా ఎవరైనా పైకెక్కుతారేమోనని ఒక్క క్షణం ఆగుతాను.