సగం స్లాబు దగ్గర దించిన తట్ట

మహబూబాబాద్ బజారులో ఒక సేటు కట్టిస్తున్న దుకాణాల భవనానికి అక్కా నేనూ తట్టలు మోసేవాళ్ళం. బయ్యారం వైపు తండా నుంచి ఆటోలో వచ్చేవాళ్ళం. తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా ఉన్న రోజులవి. రోడ్డు ఎప్పుడు బంద్ అవుతుందో తెలిసేది కాదు. కాంట్రాక్టర్ మాత్రం జీపు అద్దం మీద ‘జై తెలంగాణ’ అని రాయించుకున్నాడు. ఎక్కడ రాస్తారోకో జరిగినా అతని బండికి దారి దొరికేది.

సిమెంటు మాలు పైకి మోయడానికి రెండు చెక్కలు ఏటవాలుగా వేశారు. కాలు ఆనడానికి వాటి మీద అడ్డపట్టీలు లేవు, పట్టుకోవడానికి పక్కన బొంగు లేదు. ఒలికిన నీళ్ళకు చెక్కలు నున్నబడ్డాయి. ఒకసారి నేనే అడిగాను.

“సారు, గా చెక్కల మీద నాలుగు పట్టీలు కొట్టియ్యరాదు. కాళ్ళు జారుతున్నయి.”

“కిందికి జూసి నడువు,” అన్నాడు.

నెత్తిన తట్ట ఉన్న మనిషి కిందికి ఎలా చూస్తుందో అతను చెప్పలేదు.

ముసురు పట్టిన ఒక ఉదయం అక్క దాదాపు పైదాకా వెళ్ళి జారింది. ఇనుప సలాకల కట్ట మీద పడి తుంటి విరిగింది. మేస్త్రీ, నేనూ ఆమెను ఆటో ఎక్కిస్తుంటే కాంట్రాక్టర్ వచ్చి అందరూ వినేటట్టు అన్నాడు: “ఫోన్ల ముచ్చట వెట్టుకుంట నడిస్తె పడదా మరి?”

అక్కకు ఫోనే లేదు.

వరంగల్ దవాఖానలో అక్క మంచం పక్కన కూర్చున్నన్నాళ్ళూ ఆమె కాలు గురించి కంటే అతని గురించే ఎక్కువ ఆలోచించాను. జీపు అద్దం పగలగొట్టాలనుకున్నాను. చెక్కలకు నూనె పూయాలనుకున్నాను. కానీ అతను ఆ చెక్కలు ఎన్నడూ ఎక్కేవాడు కాదు. పక్కింటి మెట్ల మీంచి పైకి వచ్చేవాడు. అక్క ఇక బరువులు మోయలేదని డాక్టరు చెప్పాక నేను మళ్ళీ అదే పనికి వెళ్ళాను. నాకు సిగ్గు లేదన్నారు తండాలో. నేను స్లాబు పోసే రోజు కోసం కాచుకున్నాను. తోటి ఆడవాళ్ళతో ముందే మాట్లాడి పెట్టుకున్నాను. స్లాబు మధ్యలో ఆగితే అతుకు దగ్గర కారుతుందని మా అందరికీ తెలుసు.

ఆ రోజు సేటు కొబ్బరికాయ కొట్టి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సగం స్లాబు అయింది. నేను చెక్కల మొదట్లో తట్ట దించాను. నా వెనకున్న వాళ్ళంతా దించారు. మాలు కలిపే మిల్లర్ తిరుగుతూనే ఉంది.

“ఏమైంది?” అంటూ కాంట్రాక్టర్ ఉరికొచ్చాడు.

“సమ్మె.”

“గిప్పుడా? మనం మనం ఒక్కటి గాదా, చెల్లె?”

“ఒక్కటే సారు. గందుకే అడుగుతున్న. గీ చెక్కల మీదికెళ్ళి ఒక్క తట్ట నువ్వు మొయ్యి. అటెన్క మేం మోస్తం.”

అతను సేటు వైపు చూశాడు. “మొయ్యవయ్యా, స్లాబు ఖరాబైతది,” అన్నాడు సేటు.

నేనే తట్ట అతని నెత్తికెత్తాను. బూట్లతో ఎక్కాడు. సగం దూరంలో బూటు జారింది. తట్ట తిరగబడి తెల్లచొక్కా నిండా మాలు కారింది. చెక్కను రెండు చేతులా కావలించుకుని బోర్లా పడుకున్నాడు.

“పట్టుకోండ్రి, జర పట్టుకోండ్రి.”

“కిందికి జూసి నడువు సారు,” అన్నాను.

ఎవరూ నవ్వలేదు. నేను కదల్లేదు. అతను అలా ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించింది. చివరికి మేస్త్రీ వెళ్ళి దించాడు. కాంట్రాక్టర్ నోరు తెరవకముందే సేటు వడ్రంగిని కేకేశాడు. పట్టీలు కొట్టారు, పక్కన బొంగులు కట్టారు. అప్పుడే తట్టలు ఎత్తుకున్నాం.

మర్నాడు మమ్మల్ని పనికి రానివ్వలేదు. జనగామలో వేరే పని వెతుక్కున్నాం.

స్లాబు పోసిన సాయంత్రమే ఇంటికెళ్ళి అక్కకు అంతా చెప్పాను. మంచంలో పక్కకు తిరగలేక పైకప్పు చూస్తూ విన్నది.

“పడ్డాడా?” అని మా లంబాడీ భాషలో అడిగింది.

“లేదు. జారాడంతే.”

“పడాల్సింది,” అన్నది.

నేను ఆమెకు అడ్డు చెప్పలేదు.