టేపు అయ్యగారి కొడుకు

మా చిన్నప్పుడు... దిల్‌సుఖ్‌నగర్ గల్లీలో అన్ని షాపుల్లోనూ సినిమా పాటలు మోగుతుంటే, మా నాయిన టైలర్ షాపులో మాత్రం పొద్దస్తమానం దైవశాస్త్రం మోగేది! జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు "ప్రసంగానికి మూడు భాగాలుండాలి" అని వింటూ నిలబడాల్సిందే... పాపం, వాళ్ళేం తప్పు చేశారో!

అవి బైబిల్ కాలేజీ పాఠాలు. కోస్తా వైపు ఎవరో పెద్దాయన క్లాసులో చెబుతుంటే రికార్డు చేసిన క్యాసెట్లు. నాయిన అయిదో తరగతితో బడి మానేసిన మనిషి... కాలేజీ మెట్లెక్కే రాత లేదు. అందుకని మిషన్ తొక్కుతూ చెవులతో చదువుకున్నాడు.

ఆ పెద్దాయన పేరేంటో మాకు తెలియదు. క్యాసెట్ల మీద నంబర్లు తప్ప ఇంకేం రాసి ఉండేది కాదు. మేం ఆయన్ని 'టేపు అయ్యగారు' అనుకునేవాళ్ళం. బడి నుంచి వచ్చి గుండీలు కుడుతూ నేనూ వినేదాన్ని... సగం పాఠాలు నాకూ నోటికొచ్చేశాయి.

అప్పుడే వనస్థలిపురంలో కొత్త కాలనీలు లేస్తున్నాయి. ఎల్‌బీ నగర్‌లో మేం వెళ్ళే రేకుల షెడ్డు చర్చి వాళ్ళు అక్కడ ఒక ప్రార్థన కూడిక మొదలుపెట్టాలనుకున్నారు. వాక్యం చెప్పే మనిషి కావాలి. నాయిన ధైర్యం చేసి అడిగాడు. సంఘపెద్ద గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డ రిటైర్డు మాస్టారు.

"టేపులు విని ప్రసంగం చేస్తారాండీ? సరే, వచ్చే ఆదివారం చెప్పండి, చూద్దాం" అన్నారు.

చూద్దాం! ఆ ఒక్క మాటకి మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. అది నాయిన ఎన్నో ఏళ్ళుగా కన్న కల మరి.

సొంతంగా అల్లుకునే ధైర్యం లేక, టేపు అయ్యగారు నమూనాగా చెప్పిన ప్రసంగాన్నే మొత్తం బట్టీ పట్టాడు. ఆయన ఆగిన చోటల్లా ఆగడం, ఆయన గొంతు తగ్గించిన చోట తగ్గించడం... చివరికి మాట తీరు కూడా మారిపోయింది. "ఏడికి పోయినవ్" అనే మనిషి "ప్రియ సహోదరులారా, ఆలోచించండి" అంటుంటే అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది.

ఆదివారం రానే వచ్చింది... తెల్ల చొక్కా వేసుకుని నాయిన ప్రసంగం చెప్పే బల్ల ముందు నిలబడ్డాడు. మొదలుపెట్టాడు చూడండి... గడగడా సాగిపోతోంది! మాస్టారు ముందుకు వంగి మరీ వింటున్నారు. నేను చాప మీద అమ్మ పక్కన కూర్చుని లోలోపల నాయినతో పాటే అప్పజెబుతున్నాను.

ఉన్నట్టుండి నాకు గుర్తొచ్చింది. తర్వాత వచ్చేది అయ్యగారు తన సొంత సంగతి చెప్పుకునే చోటు! షాపులో అన్నిసార్లు విన్నా, అది నాయిన నోటికి నప్పదని మా ఇద్దరికీ తట్టనే లేదు. వదిలేస్తాడా... మారుస్తాడా...

"నా పెద్ద కొడుకును ఈ చేతులతోనే మట్టిలో పెట్టి వచ్చాను..." అనేశాడు నాయిన.

అయ్యో రామా అనుకోవడానికి కూడా లేదు, ఉన్నది చర్చిలో! నాయినకు కొడుకెక్కడ? ఉన్నదాన్ని నేనొక్కదాన్నే కదా!

ఆడవాళ్ళ వైపు నుంచి వెక్కిళ్ళు మొదలయ్యాయి. పక్కనున్న శాంతమ్మగారు అమ్మను గుండెలకు హత్తుకుని "ఇంత కడుపుకోత దాచుకుని మా మధ్య ఎలా తిరిగావమ్మా!" అని భోరుమన్నారు. అమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. అటు మాస్టారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటున్నారు.

ఇంకేం మాట్లాడకుండా ముందుకు పోతే చాలు... వనస్థలిపురం నాయినదే. అంత చిన్నదాన్ని, నాకే అర్థమైంది.

నాయిన అమ్మ వైపు చూశాడు. తర్వాతి వాక్యం మొదలుపెట్టి మధ్యలోనే ఆపేశాడు.

"ఆగుండ్రి..." అన్నాడు, ఇంట్లో మాట్లాడే గొంతుతో. "అమ్మా, ఆమెను ఇడిసిపెట్టుండ్రి. ఆ పిలగాడు మా పిలగాడు గాదు. మాకున్నది గీ బిడ్డ ఒక్కతే. గది టేపుల చెప్పిన అయ్యగారి కొడుకు సంగతి. ఆయన చెప్పినట్టే చెప్పాలనుకోని... ఆయన దుఃఖం గూడ నాదే అన్నట్టు చెప్పిన."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు భూమి చీలిపోతే బాగుండుననిపించింది. నాయిన బల్లను గట్టిగా పట్టుకున్నాడు.

"ఇన్ని దినాలు మిషన్ తొక్కుకుంట ఇన్న. ఏడ ఆగాలె, ఏడ గొంతు తగ్గియ్యాలె, అన్నీ నేర్చుకున్న. గని ఆడ ఒక తండ్రి ఏడుస్తుండని నాకు సమజ్ గాలె. మీకు ఒక్కపారికే సమజైంది. మీ ఏడుపు ఆయనకే చెందాలె. జర ఆయన కోసం ప్రార్థన జేయుండ్రి."

అని అక్కడే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ముందు శాంతమ్మగారు, తర్వాత ఒక్కొక్కరే మోకరించారు. ఎవరూ చూడని మనిషి కోసం, పేరు కూడా తెలియని పిల్లాడి కోసం ఆ షెడ్డంతా ఏడ్చింది.

ఆరాధన అయ్యాక మాస్టారు గుమ్మం దగ్గర నాయిన చెయ్యి పట్టుకున్నారు. "నిజం ఒప్పుకున్నారు, దేవునికి స్తోత్రం. కానీ ఆ కూడిక మాత్రం మీకు అప్పగించలేమండీ. ఏమీ అనుకోకండి."

"సరే అయ్యగారూ" అన్నాడు నాయిన. అంతే. నాకు మాత్రం మాస్టారి మీద ఒళ్ళు మండిపోయింది... చాలా ఏళ్ళు మండుతూనే ఉంది.

బస్సు కొత్తపేట దాటింది. అమ్మ అందుకుంది. "సచ్చిన కొడుకును ఏడికెల్లి తెచ్చినవయ్యా నాకు? నువ్వు చెప్పకుంటే నేనే లేసి చెప్తుంటి!" అంటూనే కొంగుతో నాయిన మొహం తుడిచింది. నాయిన కిటికీ వైపు తిరిగిపోయాడు.

వనస్థలిపురం కూడికకు కాలేజీలో చదివినాయన ఒకరు వచ్చారు. నాయిన మళ్ళీ ఎప్పుడూ బల్ల ముందు నిలబడలేదు... కానీ టేపులు వినడం మానలేదు. ఆ కొడుకు సంగతి వచ్చినప్పుడల్లా మిషన్ ఆపేసేవాడు. ఎదురుగా కస్టమర్ నిలబడి ఉన్నా సరే, చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని, అయ్యగారు చెప్పడం అయ్యేదాకా తల వంచుకుని కూర్చునేవాడు.

ఇప్పుడు నా ఫోన్ నిండా ప్రసంగాలే... వంట చేస్తూ వింటాను, కాస్త సాగదీస్తే వేలితో ముందుకు తోసేస్తాను. ఎవరి దుఃఖం దగ్గరా చేతిలో పని ఆపడం లేదు. మీ ఇళ్ళల్లో కూడా ఇలా ముఖం తెలియని ఒక గొంతు రోజూ వినపడేదా? ఆ మనిషి ఎవరో, ఏమయ్యారో అని ఎప్పుడైనా అనిపించిందా...? నాకు ఇవాళెందుకో చాలా అనిపిస్తోంది.