దొంగకు వేసిన పక్కారంగు

నేను రంగు వేసిన దుపట్టా తొలి వానకే వెలిసిపోతుందని పత్తర్‌గట్టి బజారంతటికీ తెలుసు. ఐదో తరగతిలో బడి మానేసి రంగుల దుకాణంలో చేరినవాణ్ణి. నేను బడిలో ఎంత నిలిచానో నా రంగు బట్టలో అంతే నిలిచేది.

చేరిన కొత్తలో, అంటే యాభైల మొదట్లో, సైకిళ్లకు తాళాలే లేవు. నమాజుకు వెళ్లే దుకాణదారు వాకిలికి అడ్డంగా గుడ్డ కట్టి పోయేవాడు, అదే తాళం. కొన్నాళ్లకు మసీదు మెట్ల మీద చెప్పులు మాయమయ్యాయి. ఆపైన సైకిల్ దీపాలు, గంటలు. చివరికి సైకిళ్లే. మా ఎదుట గాజులమ్మే ఆయన గాజులు మానేసి తాళాలు పెట్టుకున్నాడు.

అప్పుడే పోయింది నాది. బాపు ఇచ్చిన సైకిల్. తడిబట్టల మూట నెత్తిన పెట్టుకుని, వాటిని ఆరేసే జహనుమా దాకా నడిచిన ప్రతిసారీ, ఆ దొంగను ఉడికే రంగు గంగాళంలో ముంచి తీస్తున్నట్టు ఊహించుకునేవాణ్ణి. మెడనొప్పి కొంచెం తగ్గేది.

ఊహతో కసి తీరలేదు. పంక్చర్ల భాయ్ దగ్గర గొలుసు జారే పాత సైకిల్ తెచ్చి, నల్లటి సీటుకు పొడి ఊదారంగు రుద్ది, నా సైకిల్ పోయిన స్తంభానికే ఆనించాను. చెమట తగిలితే చాలు, ఇక వదలని పక్కారంగు అది. సాయంత్రానికి సైకిల్ పక్క గల్లీలో గొలుసు ఊడి పడి ఉంది. సీటు మాత్రం తుడిచినట్టుంది.

ఆ వారమంతా నేను ఎవరి ముఖమూ చూడలేదు. అందరినీ వెనకనుంచే చూశాను.

చివరికి వాడే మా దుకాణానికి వచ్చాడు. తెల్ల పైజామా నా ముందు పెట్టి, "అన్నా, దీనికి నల్లరంగెయ్యి. మరక పోతలేదు," అన్నాడు.

విప్పాను. వెనకంతా నా ఊదారంగే.

"ఏంది భాయ్, నేరేడుపండ్ల మీద కూసున్నవా?"

"ఔ అన్నా, నేరేడుపండ్లే."

"గా నేరేడుచెట్టుకు పెడల్లు గిట్ల ఉన్నయా?"

వాడు పైజామా లాక్కోబోతే చెయ్యి పట్టుకుని, నా సైకిల్ ఎక్కడ అమ్మాడో చెప్పించాను. ఆ పైజామానే తొడిగించి, వెనక నేను రేకుడబ్బా వాయిస్తూ, ఆ చోటిదాకా బజారు మధ్య నడిపించాను. దగ్గరి దారి ఉన్నా దూరపు దారినే తీసుకెళ్లాను. గంట లేకుండా, దీపం లేకుండా నా సైకిల్ దొరికింది. జనం నవ్వు ఇంకా ఆగలేదు.

వాడు మాత్రం తలెత్తి నన్నే చూశాడు.

"పోయినేడు మా అమ్మ దుపట్ట నీకే ఇచ్చినం అన్నా. ఒక్క ఉతుకుకే తెల్లగైంది. గిసొంటి పక్కారంగు ఇంట్ల దాసుకొని ఆమెకు నీళ్లరంగు ఏస్తివి. ఇగ చెప్పు, మనిద్దర్ల దొంగెవ్వడు?"