మిర్యాలగూడ వరిపొలాల మీద పారామోటార్ ఎక్కిన వేళ

పద్దెనిమిదేళ్ళుగా హైదరాబాద్‌లో ఒక హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతున్నాను. విమానం ఎలా లేస్తుందో చెప్పే పాఠం వచ్చినప్పుడల్లా ఒక కాగితం ముక్కను పెదవి కింద పట్టుకుని పైనుంచి ఊదుతాను. కాగితం లేస్తుంది, పిల్లలు చప్పట్లు కొడతారు, పాఠం అయిపోతుంది. ఈ ఏడాది మాత్రం తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె చప్పట్లు కొట్టకుండా, "టీచర్, మీరెప్పుడైనా ఎగిరారా?" అని అడిగింది. లేదన్నాను. నలభై ఏడేళ్ళ వయసులో నేనెక్కిన అన్నిటికంటే ఎత్తయినది నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్.

ఆ సాయంత్రమే ఫోన్లో వెతకడం మొదలుపెట్టాను. పైలట్ శిక్షణ ఇచ్చే సంస్థలు కనిపించాయి గానీ, చిన్న విమానంలో గంట శిక్షణకే వేలల్లో ఖర్చు, అంతకు ముందు వైద్య పరీక్షలు. నాకు లైసెన్స్ అక్కర్లేదు, ఒక్కసారి గాల్లోకి లేస్తే చాలు. అలా వెతగ్గా వెతగ్గా మిర్యాలగూడ శివార్లలో చలికాలమంతా పారామోటార్ మీద జనాన్ని తిప్పే వెంకన్న, రేణుక అనే దంపతుల సంగతి తెలిసింది. పారామోటార్ అంటే పారాచూట్ లాంటి పొడవాటి గుడ్డ రెక్క, దాని కింద వేలాడే మూడు చక్రాల బండి, వెనక ఇంజనూ పెద్ద ఫ్యానూ. ముందు సీట్లో మనం, వెనక పైలట్. పదిహేను నిమిషాలకు మూడున్నర వేలు. స్టాఫ్‌రూమ్‌లో ఈ మాట చెప్పగానే మా తెలుగు టీచర్, "మునగాలలో మా పిన్ని కూతురు సునీత డ్రోన్‌తో పొలాలకు మందు కొడుతుంది. కాస్త చుట్టుదారే, అయినా చూసి వెళ్ళు" అంది. కింద నిలబడి ఎగరేసేవాళ్ళనూ పైకెక్కి ఎగిరేవాళ్ళనూ ఒకే ప్రయాణంలో చూడొచ్చని మనసు ఉరకలు వేసింది.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం సాయంత్రం ఎల్బీ నగర్‌లో ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే తెలంగాణ మహిళలకు టికెట్ లేదు కాబట్టి సూర్యాపేట దాకా నాకైన ఖర్చు దారిలో తాగిన టీ మాత్రమే. ప్రయాణం మూడు గంటలు. బస్టాండు దగ్గర లాడ్జిలో ఎనిమిది వందలకు శుభ్రమైన గది దొరికింది. తెల్లారి ఐదున్నరకల్లా రోజు కిరాయికి మాట్లాడుకున్న కారు వచ్చింది. డ్రైవర్ పేరు సైదులు. ఎక్కడికి, ఎందుకు వెళ్తున్నానో విని అద్దంలోంచి నన్ను ఎగాదిగా చూశాడు. "ఎగురుడా? నన్నైతే లక్ష ఇచ్చినా ఎక్కను మేడం. కింద నిలబడి ఫోటోలు మాత్రం మస్తు తీస్త" అన్నాడు.

హైవే మీద అరగంటలో మునగాల చేరాం. ధాబాలు దాటి పక్క రోడ్డులోకి తిరిగాక, మంచు ఇంకా విడవని వరిపొలం గట్టు మీద సునీత కనిపించింది. ముప్పై నాలుగేళ్ళు ఉంటాయి. చీర మీద పొడుగు చేతుల చొక్కా, తలకు టోపీ, మెడలో రిమోట్. పుట్టిల్లు పెన్‌పహాడ్, గొర్రెలు కాసుకునే కుటుంబం. అత్తగారి ఊళ్ళో మహిళా సంఘం తరఫున హైదరాబాద్‌లో డ్రోన్ పైలట్ శిక్షణ తీసుకుని, పరీక్ష రాసి, సర్టిఫికెట్ తెచ్చుకుంది. "జర దూరం జరుగుండ్రి మేడం, గాలి గిటు కొడ్తుంది. మందు మీద పడ్తది" అంటూ నన్ను గాలికి ఎదురు వైపుకు పంపింది. ఆరు ఫ్యాన్లు ఒక్కసారి గిర్రున తిరిగాయి. పది లీటర్ల ట్యాంకు మోస్తున్న ఆ యంత్రం వరి పైరుకు కాస్త పైన లేచి, గట్టు వెంట నేరుగా పోయి, చివర తిరిగి, పక్క సాలులో వెనక్కి వచ్చింది. ఎకరం పని నేను రెండు వీడియోలు తీసేలోపే అయిపోయింది.

మిగతా పొలాల మందు పని కూడా ముగిశాక గట్టు మీద కూర్చుని తన ఫోన్లో మ్యాప్ చూపించింది. పచ్చ రంగు ఉన్నచోట నూట ఇరవై మీటర్ల ఎత్తు దాకా అనుమతి అడగకుండా ఎగరేయొచ్చు. పసుపు రంగులో ముందే అనుమతి కావాలి. ఎరుపు రంగు జోలికి పోకూడదు. డ్రోన్ ఎప్పుడూ కంటికి కనిపిస్తూ ఉండాలి, దానికి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. రెండు కేజీల లోపుది సరదాకు ఎగరేసుకుంటే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు గానీ, డబ్బులు తీసుకుని ఎగరేస్తే కావాల్సిందే.

"అన్నిటికంటే పెద్ద రూల్ ఏందో తెలుసా మేడం? మనిషి ఎక్కినది ఏదన్న వస్తే మనమే పక్కకు జరగాలె. ఎప్పటికైనా దారి దానిదే" అంది సునీత.

"నువ్వు ఎప్పుడైనా ఎక్కావా?"

నవ్వింది. "నేను పైకి పంపుడే గని, పోవుడు ఎప్పుడు గాలే."

నేను రెండో ఆలోచన లేకుండా వెంకన్నకు ఫోన్ చేశాను. సాయంత్రం నా తర్వాత ఇంకొకరికి చోటుందన్నాడు. సునీత ఇంటికి పరుగెత్తి, డ్రోన్ లోపల పెట్టి, చీర మార్చి చుడీదార్ వేసుకుని అరగంటలో కారెక్కింది.

మధ్యాహ్నం కోదాడలో ఒక మెస్ ముందు ఆగాం. వంట చేసే ఆవిడ నాటుకోడి పులుసు గిన్నె తెచ్చి పెట్టబోతే, గాల్లో తిరగబోతున్నామని చెప్పాను. "అయ్యో, అయితే ఇది వద్దండీ. పెరుగన్నం తినేసి వెళ్ళండి, వచ్చేటప్పుడు దీని సంగతి చూద్దాం" అని గిన్నె వెనక్కి తీసుకుంది. సైదులు అడ్డం వచ్చాడు. "నేను ఎగుర్తలేనమ్మా, అది గిటు పెట్టు."

కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడకు గంటన్నర. దారి పొడుగునా కాలువ నీళ్ళు, నాట్లు నిలదొక్కుకున్న పొలాలు. ఊరు దగ్గరపడేసరికి రైస్ మిల్లుల పొగగొట్టాలు, ఉడికిన వడ్ల వాసన. నాలుగు గంటలకు మైదానం చేరాం. చుట్టూ తడి పొలాలు, మధ్యలో పంట వేయని పొడి నేల ఒక్కటే ఉంది. కాస్త దూరంలో ఒక ఫంక్షన్ హాలు, అందులోంచి డీజే పాటలు. మాఘమాసం కదా, ఊరంతా పెళ్ళిళ్ళే.

వెంకన్నది తుంగతుర్తి. లారీ మెకానిక్‌గా పనిచేస్తూ మహారాష్ట్రకు వెళ్ళి పారామోటార్ నేర్చుకుని వచ్చాడట. రేణుక కూడా అక్కడే నేర్చుకుంది. ఆయన ఎగిరినప్పుడు ఆమె కింద వాకీటాకీ పట్టుకుని గాలి చూస్తుంది. గాలి నెమ్మదించేదాకా ఎవరినీ ఎక్కించలేదు. ఐదున్నర దాటాక నాకు హెడ్‌సెట్ ఉన్న హెల్మెట్ పెట్టి, బెల్టులు బిగించి, "భయమైతే చెప్పుండ్రి టీచర్, దించేస్త. సిగ్గుపడకుండ్రి" అన్నాడు.

ఇంజను అరిచింది. మా వెనక నేల మీద పరిచిన రెక్క లేచి మా తల మీదికొచ్చి నిలిచింది. బండి నాలుగు గతుకులు పడింది, ఐదో గతుకు రాలేదు. కిందికి చూస్తే నేల లేదు! నేను అరిచానట, సైదులు తీసిన వీడియోలో వినబడింది. మొహానికి గాలి కొడుతోంది, కాళ్ళ కింద పొలాలు పచ్చటి గళ్ళ చీరలా పరుచుకున్నాయి, ప్రతి మడిలో నీళ్ళ మీద సూర్యుడు మెరిసి పక్క మడిలోకి దూకుతున్నాడు. కొంగల గుంపు ఒకటి మా కిందుగా పోయింది. పక్షులను పైనుంచి చూడటం అదే మొదటిసారి. పాఠంలో నేను గీసే బాణం గుర్తులేవీ గుర్తుకు రాలేదు. పిచ్చిదానిలా నవ్వుతూనే ఉన్నాను.

దిగడానికి మైదానం వైపు తిరుగుతుంటే ముందు సీట్లో ఉన్న నాకే అది మొదట కనిపించింది. ఫంక్షన్ హాలు వైపు నుంచి వచ్చి, సరిగ్గా మేం దిగాల్సిన దారిలో, నల్లటి డ్రోన్ ఒకటి గాల్లో నిలబడి ఉంది.

"వెంకన్నా, ముందు డ్రోన్!"

ఆయన వెంటనే ఇంజను జోరు పెంచాడు, బండి పక్కకు ఒరిగి పైకి లేచింది. కాలువ వైపు దూరంగా వచ్చాక హెడ్‌సెట్‌లో, "మంచిగ సూసిండ్రు. అది రెక్క తాళ్ళకో ఫ్యాన్‌కో తాకితే కష్టం. చుట్టూ బురద పొలాలు, కరెంటు తీగలు, ఇంకో తావుల దిగలేం. పెట్రోల్ ఉంది, పరేషాన్ కాకుండ్రి" అన్నాడు. తర్వాత వాకీటాకీలో రేణుకకు చెప్పాడు. నా చేతులు పక్క కడ్డీలను వదల్లేదు. సూర్యుడు మిల్లుల పొగగొట్టాల మీదికి దిగుతున్నాడు. మేం గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాం.

కింద జరిగింది తర్వాత సైదులు చెప్పాడు. రేణుక మాట పూర్తి చేసేలోపే సునీత కారెక్కి కూర్చుందట. హాలు బయట షామియానా కింద, డీజే హోరులో, ఒక ఫోటోగ్రాఫర్ ఫోన్ స్క్రీన్ చూస్తూ డ్రోన్ నడుపుతున్నాడు. సునీత వెళ్ళి అతని భుజం మీద తట్టింది. "అన్నా, స్క్రీన్ కాదు, పైకి సూడు."

అతను చూశాడు. కంగారుగా, డ్రోన్‌ను ఎగిరిన చోటికి తిరిగి రప్పించే బటన్ మీదికి వేలు పోనిచ్చాడు. సునీత ఆ చెయ్యి పట్టుకుంది. ఆ బటన్ నొక్కితే డ్రోన్ ముందు తనకు పెట్టిన ఎత్తుకు లేచి, ఆ తర్వాతే వెనక్కి వస్తుంది. "లేపకు. ఉన్న తావులనే నిలుపు. ఇగ మెల్లగ నిట్టనిలువు దించు. కింద పొలమే, మనుషులు లేరు." అతని పక్కనే నిలబడి, "ఇంక జర... ఇంక జర..." అంటూ దించిందట. డ్రోన్ వరిమడి బురదలో కూర్చుంది.

రేణుక గొంతు మా హెడ్‌సెట్‌లో వినిపించింది. "దిగిపోయింది. రాండ్రి."

చక్రాలు నేలకు తగిలేసరికి సునీత తిరిగొచ్చి మైదానంలో ఉంది. బెల్టులు విప్పుకుని లేచి ఆమెను గట్టిగా పట్టుకున్నాను. కానీ ఆమె పడమటి వైపు చూస్తోంది. సూర్యుడు మునిగిపోయాడు. వెంకన్న హెల్మెట్ తీసి, "ఏమనుకోకు చెల్లే. పొద్దు మునిగినంక నేను ఇంజను స్టార్ట్ చెయ్య" అన్నాడు.

"రూల్ అంటే రూలే అన్నా" అంది సునీత. గొంతు మామూలుగానే ఉంది. తన వంతుకని రేణుక ఇచ్చిన హెల్మెట్ మాత్రం వెంటనే తిరిగి ఇవ్వలేదు.

మోకాళ్ళ దాకా బురదతో, డ్రోన్ చంకలో పెట్టుకుని ఆ ఫోటోగ్రాఫర్ వచ్చాడు. పేరు ప్రసాద్, కోదాడలో స్టూడియో ఉంది. "తప్పైపోయిందండీ. నాలుగేళ్ళ నుంచి ఎగరేస్తున్నాను, దీనికి పరీక్ష ఉంటుందనే తెలీదు" అన్నాడు. వెంకన్న మందలించాడు. సునీత మాత్రం తన ఫోన్లో మ్యాప్ తెరిచి, శిక్షణ ఎక్కడ తీసుకోవాలో చెప్పి, "పాసయ్యేదాక కింద కెమెరాతోనే తియ్యన్నా" అంది. అతను తలూపాడు. పట్టుబట్టి మా అందరికీ పెళ్ళి భోజనం పెట్టించాడు.

తింటూ ఉండగా నేను సునీతతో అన్నాను, "ఈ రాత్రికి ఇక్కడే ఉందాం. పొద్దున్నే ఎగురుదువు గాని." రేపు పొద్దున ఇద్దరు రైతులకు మందు కొట్టాలంది. తర్వాత విస్తరి పక్కకు జరిపి ఆ రైతులకు ఫోన్ కలిపింది. "మామా, రేపటి మందు పొద్దుగాల గాదు, సాయంత్రం కొడ్త. ... ఏం లేదే, జర పైకి పోయొస్త."

ఆదివారం తెల్లవారి మంచు విడిచేదాకా మైదానంలో చలికి వణుకుతూ ఎదురుచూశాం. ఏడు గంటలకు రెక్క లేచింది. ఈసారి నేను రేణుక పక్కన, వాకీటాకీకి చెవి ఆనించి నిలబడ్డాను. చాలాసేపు ఇంజను చప్పుడే. తర్వాత సునీత గొంతు. "మేడం... భూమి గింత సాపుగ ఉంటదా! ఈ కాలువ పట్టుకొని గిట్లనే పోతే మా దిక్కే గద!" సైదులు వీడియో తీయడం మానేసి నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

దిగాక సునీత నవ్వలేదు, ఏడవలేదు. బెల్టులు విప్పుకుంటూ అడిగింది, "అన్నా, ఈ బండి నడుపుడు నేర్వాలంటే ఎన్ని రోజులు పడ్తది?"

వెంకన్న నవ్వి రేణుక వైపు చూశాడు. రేణుక అంది, "మొదలు వారం నేల మీద రెక్క లేపుడే. రా, నేను నేర్పుత."

గాల్లో ఉన్నప్పుడు నేను భయపడింది ఎత్తుకు కాదు, కింద ఎవరో పైకి చూడకపోవడానికి. ఆ మ్యాపులూ నంబర్లూ సర్టిఫికెట్లూ అంతకు ముందు నాకు కాగితాల పనిలా అనిపించేవి. కాలువ మీద గుండ్రంగా తిరిగిన ఆ కాసేపట్లో, ఒకరికొకరు కనిపించనివాళ్ళు ఒకరినొకరు కాపాడుకునే ఏర్పాటు అదేనని అర్థమైంది. ఆ సాయంత్రం నన్ను క్షేమంగా దించిన ఇద్దరు పైలట్లలో ఒకామె నేల మీదే ఉంది.

వెళ్ళాలనుకునేవారికి ఒకే సలహా: సాయంత్రం ఎగరడానికి మాట్లాడుకుంటే, మర్నాడు ఉదయం కూడా ఖాళీగా ఉంచుకోండి. గాలి, వెలుతురు, పక్కింటి పెళ్ళి, ఏదీ మన చేతిలో ఉండదు. ఒక్క పూట ఎక్కువ ఆగడం మాత్రం ఉంటుంది.