ఇసుక టీచరు

పిల్లలు ఆమెకు పెట్టుకున్న పేరు ఇసుక టీచరు. ఆమె గదిలో పుస్తకాలు బీరువాలో ఉండేవి. బల్లల మీద మాత్రం జల్లించిన సన్నని ఇసుక పోసిన రేకు పళ్ళాలు ఉండేవి. అక్షరం కంటికి నిలవని పిల్లలు చూపుడువేలితో ఆ ఇసుకలో పెద్దగా గీస్తూ దాని శబ్దాన్ని పైకి పలికేవాళ్ళు. కన్ను మోసం చేసినా వేలు మోసం చెయ్యదని ఆమె నమ్మకం. ఆ నమ్మకం మీదే ఆమె ఇరవై ఏళ్ళకు పైగా నెట్టుకొచ్చింది.

డిస్లెక్సియా ఉన్న పిల్లల కోసం ఎవరో పుణ్యాత్ముడు పెట్టిన బడి అది. ఒక టైర్ల దుకాణం పైన అద్దె గదుల్లో నడిచేది. వేసవిలో కిటికీలు తెరిస్తే రబ్బరు వాసన, మూస్తే ఉక్క. అక్కడికొచ్చే పిల్లల బుర్రలకు ఏ లోటూ లేదు. లెక్క నోటితో చెప్తే నోటితోనే తేల్చేసేవాళ్ళు. అచ్చులో పడిన అక్షరం దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఒకదానికొకటి అంటుకుపోయినట్టు, తలకిందులైనట్టు అయిపోయేది. లోకానికి అంత వివరం అక్కర్లేదు కదా. ఆ వీధిలో చిరునామా అడిగితే టైర్ల దుకాణం కుర్రాళ్ళు, "మొద్దుల బడేనా, మెట్లెక్కండి" అని చెయ్యి చూపించేవాళ్ళు.

ఆ మెట్లెక్కి తొమ్మిదేళ్ళప్పుడు వచ్చాడు గడగడ. ఆ పేరు బడిలో వచ్చిందే, వాడి నోటికి అడ్డూ ఆపూ లేక. తండ్రి ఇళ్ళు కట్టించే కాంట్రాక్టరు. ఇస్త్రీ నలగని చొక్కా, నవ్వని మొహం. "మావాడికి రోగమేం లేదు మేడం, ఒళ్ళు బద్ధకం" అని వాణ్ణి అప్పజెప్పాడు.

పాత బడిలో వాడు రెండేళ్ళు ఎవరికీ దొరక్కుండా గడిపాడు. పక్కపిల్లలు చదువుతుంటే విని పాఠమంతా కంఠతా పట్టేసి, పుస్తకం ఎదురుగా పెట్టుకుని అప్పజెప్పేవాడట. ఆమె మొదటిరోజే పేజీ మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి, అదొక్కటి చదవమంది. ఆ మాట 'మామ'. వాడు దానికేసి చాలాసేపు చూసి, ఆమె మొహంలోకి చూసి, చక్కగా నవ్వి, ఈ పాఠంలో కుందేలు ఎందుకు పారిపోయిందో మీకు తెలుసా టీచర్ అని మాట మార్చాడు. దొంగ దొరికాడని ఆమెకు తెలిసింది. అంత తెలివైన దొంగ మీద మనసూ పోయింది.

ఇద్దరూ 'మ', 'వ' దగ్గర మొదలుపెట్టారు. తోక ఉన్నది మ, తోక తెగింది వ అని గుర్తు వాడే కట్టుకున్నాడు. గుడి, గుడిదీర్ఘం దాటేసరికి ఒక ఏడు తిరిగింది. ఒత్తులు వాణ్ణి ఏడిపించాయి. ఒత్తు కనబడితే చాలు, దాని మీద గుప్పెడు ఇసుక పోసి పాతిపెట్టేవాడు. ఆమె ఓపిగ్గా ఇసుక చదును చేసి మళ్ళీ రాయించేది.

రెండో ఏడు ఒక ఉదయం వాడు ఎడమచేత్తో గీస్తున్నాడు. కుడిచెయ్యి జేబులో ఉంది. తీయిస్తే వేళ్ళ కణుపులు కమిలిపోయి, వాటి మీదుగా అడ్డంగా ఒక గీత చిట్లి ఉంది. స్టీలు స్కేలు అంచు దెబ్బ. ఆమె చిన్నప్పటి బడుల్లో అలాంటివి చూసినదే. తలుపు సందులో పడిందన్నాడు వాడు. ఆ గడగడ, ఆ ఒక్క ముక్క అని మళ్ళీ నోరు విప్పలేదు.

ఆమె తండ్రిని పిలిపించింది. మీకు పాఠం చెప్పడానికి జీతమిస్తున్నారు, నా కొడుకుని ఎలా పెంచాలో నాకెవరూ నేర్పక్కర్లేదు అన్నాడాయన. ఇంకొక్కసారి ఆ చేతి మీద గీత కనిపిస్తే నేరుగా పోలీసుల దగ్గరికి వెళ్తానని ఆమె అంది. గొంతు పెంచకుండానే అంది. వాడు ఆ తర్వాత వారం పాటు బడికి రాలేదు. వచ్చాక మాత్రం చేతుల మీద మళ్ళీ ఎప్పుడూ మరక కనబడలేదు. తన మాట పనిచేసిందని ఆమె అనుకుంది.

మూడో ఏడు ఒక సాయంత్రం మెట్లు దిగుతూ వాడు టైర్ల దుకాణం బోర్డు ముందు ఆగాడు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, "పాత టైర్లు కొనబడును" అని చదివాడు. కొట్లో కుర్రాడు తల బయటపెట్టి, ఎన్నున్నాయని అడిగాడు. ఆమె నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. ఆ ఏడాదే వాడు మామూలు బడికి వెళ్ళిపోయాడు.

పిల్లలు వస్తారు, చదువొచ్చాక పోతారు. చదువొచ్చినవాడు మళ్ళీ ఆ మెట్లెక్కడు, ఎక్కితే తనూ ఒకప్పుడు మొద్దుల బడివాణ్ణేనని ఒప్పుకోవాలి. అది ఆమెకు తెలుసు, పట్టించుకోలేదు. గడగడ పెద్దవాడై, కంపెనీల వాళ్ళు పిలిచి మాట్లాడించుకునే వక్త అయ్యాడని వినికిడిగా తెలిసినప్పుడు, ఆ నోటికి తగిన పని దొరికిందని సంతోషించింది.

వాడి వీడియో ఆమెకు మొదట చూపించింది బడి వ్యాను డ్రైవరు. మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పుకుని కూర్చున్నప్పుడు, "మన బడి పిల్లాడేనంట టీచర్, చూడండి" అని ఫోను బల్ల మీద నిలబెట్టాడు. నల్లకోటులో గడగడ వేదిక మీద అటూ ఇటూ నడుస్తున్నాడు. గొంతు మారింది గానీ ఆ నవ్వు మారలేదు. తను చదవలేని పిల్లాడినని చెప్పాడు. తనకొక టీచరు ఉండేదని చెప్పాడు. ఆమె ముందుకు వంగింది.

ఆ టీచరు తన వేళ్ళు బల్ల మీద పెట్టించి స్టీలు స్కేలు అంచుతో కొట్టేదట. నువ్వు ఇటుకలు మొయ్యడానికి తప్ప పనికిరావనేదట. వీడికి కాగితం కూడా దండగని ఇసుకలో రాయించేదట. ఆ రోజు ఆ ఇసుకలోంచే లేచి నిలబడ్డానని గడగడ రెండు చేతులూ పైకెత్తాడు. చప్పట్లు చాలాసేపు మోగాయి.

డ్రైవరు ఫోను బోర్లించి, అది వేరే ఎవరి గురించో అయ్యుంటుందన్నాడు. ఆ ఊళ్ళో ఇసుకలో రాయించే టీచరు ఇంకొకరు లేరని అక్కడున్న అందరికీ తెలుసు.

ఇంటికెళ్ళి భర్తకు చెప్పింది. ఆయన బస్సు కండక్టరుగా చేసి దిగిన మనిషి, మనుషుల్ని ఒక్క చూపులో పోల్చుకుంటాననే గర్వం ఉన్నవాడు. వీడియో మొత్తం చూసి, "అత్త మీది కోపం దుత్త మీద తీర్చుకున్నాడు. అత్త ఇంకా బతికే ఉంది, అందుకని" అన్నాడు. వాడికి ఫోను చేసి అడగమన్నాడు. పోనిద్దురూ, పిల్లాడు అంది ఆమె. ముప్ఫై దాటిన పిల్లాడేంటని ఆయన విసుక్కున్నాడు.

వీడియో ఊరుకోలేదు. అక్కడా ఇక్కడా అదే కథ, ప్రతిసారీ స్కేలు ఇంకాస్త గట్టిగా పడుతోంది. ఉపాధ్యాయుల గదిలో ఆమె రాగానే మాటలు ఆగేవి. నిప్పు లేనిదే పొగ వస్తుందా అని ఎవరో అన్న మాట చెవిన పడింది. అన్నది ఆమె దగ్గర పని నేర్చుకున్న పిల్లే.

ఇంతలో వార్షికోత్సవం వచ్చింది. ముఖ్య అతిథి గడగడ. బడికి సొంత భవనం కట్టించడానికి వాడూ వాళ్ళ నాన్నా ముందుకొచ్చారు. ప్రిన్సిపాలు, అంటే బడి పెట్టిన పెద్దాయన కోడలు, ఆమెను గదిలోకి పిలిచి తలుపు వేసింది. మీరు అలాంటివారు కాదని మాకు తెలుసు టీచర్ అంటూనే, ఆ రోజు మీకు ఒంట్లో బాగోలేదనుకుందాం అంది. తెలిసినవాళ్ళు ఆ మాట బయటికి ఎందుకు అనరని ఇసుక టీచరు అడిగింది. ప్రిన్సిపాలు బల్ల మీది పెన్నులు సర్దింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, బడి బాగు చూడాలి కదా అంది.

ఆమె వెళ్ళింది. మంచి చీర కట్టుకుని వెనక వరసలో కూర్చుంది. ముందు వరసలో ఇస్త్రీ చొక్కాతో తండ్రి. జుట్టు నెరిసింది, పక్కన చేతికర్ర. గడగడ స్కేలు దగ్గరికి వచ్చేసరికి ఆయన జేబురుమాలు తీసి కళ్ళొత్తుకున్నాడు. అప్పుడు నాకు తోడుగా నిలబడింది మా నాన్న ఒక్కడే అని కొడుకు అంటే, ఆయన లేచి జనానికి నమస్కారం పెట్టాడు.

సభ అయ్యాక అతిథులు టీ తాగే గదిలో వాడొక్కడే కిటికీ దగ్గర ఉన్న క్షణం చూసి లోపలికి వెళ్ళింది. వాడు వెంటనే గుర్తుపట్టాడు. చేతిలో కప్పు కిందపెట్టాడు.

"బాగున్నారా టీచర్?"

"ఆ స్కేలు ఎవరిదో నీకు తెలుసు, నాకు తెలుసు" అంది ఆమె.

వాడు తలుపు వైపు చూశాడు. వసారాలో తండ్రి చుట్టూ జనం మూగి ఉన్నారు. "నేను మీ పేరు ఎక్కడా చెప్పలేదు."

"ఇసుక చెప్పావుగా. పేరెందుకు ఇంక?"

నాన్నకు గుండె బాగోలేదని, ఎన్నాళ్ళుంటారో తెలియదని వాడు గొణిగాడు. కొట్టినవాళ్ళెవరూ లేకపోతే ఆ కథ ఎవరూ వినరని కూడా అన్నాడు. సిగ్గుపడుతున్నాడేమో, మన్నించమంటాడేమో అని ఆమె నిలబడి ఉంది. నిజానికి ఆ ఒక్క మాట కోసమే వచ్చింది. అడిగితే అప్పటికప్పుడు మన్నించేసేది కూడా. కానీ వాడి మొహం ఉన్నట్టుండి తొమ్మిదేళ్ళ పిల్లాడి మొహంలా బిగుసుకుంది.

"మీరు నాన్నని పిలిచి మాట్లాడిన రోజు ఇంట్లో ఏం జరిగిందో తెలుసా మీకు?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"వారం రోజులు లేవలేదు నేను. ఆ తర్వాత కూడా, చేతుల మీద కొట్టడం మానేశాడంతే. చొక్కా కింద ఎవరికి కనిపిస్తుంది? మీరు పోలీసులన్నారు, బెదిరించారు, నాలుగు కాగానే సంచి తీసుకుని ఇంటికెళ్ళిపోయారు. నేనూ వెళ్ళాను, మా ఇంటికి." గొంతు తగ్గించాడు. "ఆయన్ని నేను ఏమీ అనలేను టీచర్. ఇప్పటికీ నా వల్ల కాదు. మిమ్మల్నైతే అనగలను."

అంతలో ఎవరో ఫొటోకి పిలిచారు. వాడు మొహం తుడుచుకుని, ఆ చక్కటి నవ్వు పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆమె ఆ చొక్కా గురించే ఆలోచిస్తూ ఇల్లు చేరింది. ఎదురుగా కూర్చుని ఏళ్ళ తరబడి వేలు పట్టి దిద్దించింది. ఒక్కసారి చొక్కా ఎత్తి చూడాలని తోచలేదు. మరక కనబడకపోతే దెబ్బ లేదనుకుంది. కన్ను మోసం చేస్తుందని పిల్లలకు చెప్పినది తనే. అయినా ఆ కాలంలో తను కాక ఇంకెవరూ ఆ తండ్రి ఎదుట నోరెత్తలేదు కదా అని మనసు ఎదురు తిరిగేది. రెండూ నిజమే. ఆ రెండింటి మధ్య మింగలేక కక్కలేక నలిగింది.

బడిలో పనులు త్వరత్వరగా జరిగిపోయాయి. ఆమె తరగతిలో ఒక పాప ఉండేది. నెలల తరబడి మూగనోము పట్టి, అప్పుడే పైకి చదవడం మొదలుపెట్టింది. ఆ పాప తల్లి వచ్చి, పిల్లను వేరే టీచరుకు మార్చమంది. ఇసుక టీచరు ఎదుటే అడిగింది, మర్యాదగానే. "మీ మీద నాకేం లేదండీ. పిల్ల కదా, భయపడుతుంది." పాప భయపడలేదు, తల్లి లాక్కెళ్తుంటే వెనక్కి చూస్తూనే పోయింది. తర్వాత ఇసుక పళ్ళాలు వద్దన్నారు, చూసేవాళ్ళు తప్పుగా అనుకుంటారని. వాటి బదులు మెరిసే పలకల్లాంటి టాబ్లెట్లు వచ్చాయి. వ్యాను డ్రైవరు ఆ ఇసుకను బస్తాకెత్తి, కింద దుకాణం ముందు వానకు గుంట పడిన చోట పోసి తొక్కాడు. ఆమె దగ్గర్నించి పిల్లల్ని తీసేసి సామాను గదికి మార్చాక, ఏడాది చివరి దాకా ఉండకుండానే రాజీనామా ఇచ్చింది. ఎవరూ వద్దనలేదు. వీడ్కోలు సభ పెడతామన్నారు, పెట్టలేదు.

భర్తకు కడుపు మండిపోయింది. ఆయన మేనకోడలు ఫోన్లతో ఆటలాడే చురుకైన పిల్ల. ఇద్దరూ కలిసి ఒక ఆదివారం ఆమెను కిటికీ వెలుతురులో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. "అత్తయ్యా, జరిగింది జరిగినట్టు చెప్పు చాలు. నీకూ ఒక వీడియో ఉండాలి" అని ఆ పిల్ల ఫోను పట్టుకుంది.

"ఆ కుర్రాడు నా దగ్గరికి వచ్చినప్పుడు తొమ్మిదేళ్ళు" అని ఆమె మొదలుపెట్టింది. కుందేలు సంగతి చెప్పింది. తోక తెగిన వ సంగతి చెప్పింది. "ఒకరోజు వాడు కుడిచెయ్యి జేబులో పెట్టుకుని..." అని ఆగిపోయింది. మేనకోడలు చెప్పమని తల ఊపింది. తర్వాతి మాట తండ్రి. ఆ మాట అంటే తను నింద నుంచి బయటపడుతుంది. వాడి చొక్కా ఊరందరి ముందూ ఎత్తినట్టవుతుంది. ఎత్తాల్సినప్పుడు ఎత్తనిది ఇప్పుడెత్తడమేమిటి.

ఆపెయ్యమంది. వాడి మీద జాలి కాబోలనుకుంది మేనకోడలు, నువ్వు దేవతవి అత్తయ్యా అంది. ఆ మాటకు ఆమెకు ఒళ్ళు మండింది. లేచి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. భర్త వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఇంత చేసి నోరు మూసుకుని కూర్చుంటే లోకం నిన్నే తప్పుపడుతుందన్నాడు.

"పట్టనివ్వండి" అంది ఆమె. కాసేపటికి, ఇటు తిరగకుండానే, "వాడికి చదువు నేర్పకుండా వదిలేయాల్సింది. ఇటుకలు మోసుకుని బతికేవాడు" అంది.

ఇరవై ఏళ్ళలో ఆమె నోట అలాంటి మాట ఆయన వినలేదు. వెనక్కి తీసుకుంటుందేమోనని కాసేపు చూశాడు. ఆమె తీసుకోలేదు. టీ పొడి వేసి, మంట తగ్గించింది.